ఇనుము రాగి యగునా?

ఒక గాజుగ్లాసులో నీరు పోసి, అందులో చెంచాడు మైలుతుత్తము వేసి కరగించినచో ఆ నీరు నెమలికంఠపు వన్నె దాల్చును. సంస్కృతమున దీనికి మయూరతుత్థమను పేరు కలిగినది ఈ వన్నెను బట్టియే. ఇప్పుడొక ఇనుప మేకును గరుకు కాగితముతో బాగుగా రుద్ది, తుప్పును జిడ్డును పోగొట్టి, ఆ నీటిలో సగము వరకు ముంచి, నూరంకెలు లెక్కించి పైకి తీయుదము. మునిగిన సగము ఎఱ్ఱని రాగివలె కనిపించును. మునుగని సగము ఇనుముగనే యుండును. రెంటి నడుమ గీత గీసినట్లు హద్దు ఏర్పడియుండును.

ఈ చిన్న వింతను గూర్చియే నేడు శ్రోతలతో ముచ్చటింప దలచితిమి. పాఠశాలలో రసాయనశాస్త్రము చదివినవారు దీనిని స్థానభ్రంశ చర్య యని వెంటనే పేరు పెట్టుదురు. కాని పేరు చెప్పినంత మాత్రమున విషయము తెలిసినట్లు కాదు. ఇట్టి మేకును చూచి లోకము వేయేండ్లకు పైగా ఒక తప్పు నిర్ణయమును నమ్మినది. ఆ తప్పు ఎట్లు తొలగినదో, తొలగిన పిమ్మట మన కేమి ఒనగూడినదో చెప్పుటయే మా ఉద్దేశము.

చీనాదేశమున 11వ శతాబ్దిలో షెన్ కువో అను పండితుడుండెను. ఆయన ప్రభుత్వోద్యోగి, ఖగోళవేత్త, తన కంట బడిన ప్రతి విశేషమును వ్రాసిపెట్టు అలవాటు గలవాడు. నేటి జియాంగ్‌షీ రాష్ట్రమున ఒక చేదునీటి ఊట గలదనియు, ఆ నీటిని కాచినచో తుత్తము మిగులుననియు, దానిని మరల కాచినచో రాగి వచ్చుననియు, కాచెడి ఇనుపమూకుడు సైతము కొంతకాలమునకు రాగి యగుననియు ఆయన వ్రాసెను. ఇది వట్టి వినోదముగ మిగిలిపోలేదు. సోంగు వంశపు ప్రభుత్వము ఈ పద్ధతినే పరిశ్రమగా నడిపినది. పలుచని ఇనుపరేకులను తుత్తపునీటిలో నుంచి, వానిపై పేరుకొనిన ఎఱ్ఱని పొడిని గీకి, కరగించి, నాణెములకు వలయు రాగిని సంపాదించినది. అంతకు వేయి సంవత్సరములకు పూర్వపు చీనా గ్రంథములలోనే ఇనుము రాగిగా మారునను మాట కానవచ్చుచున్నది.

ఐరోపాఖండమునను ఇట్టిదే మరియొక కథ గలదు. నేటి స్లొవేకియా దేశములో ష్పానియా డొలినా అను గనుల గ్రామ మున్నది. జర్మను భాషలో దానిని హెరెన్‌గ్రుండు అనెడివారు. అక్కడి రాగిగనులనుండి ఊరెడి నీటిలో ఇనుపముక్కలు వేసియుంచిన, కొన్నాళ్లకు ఇనుము మాయమై ఆ స్థానమున రాగి కనబడుచుండెను. 17, 18 శతాబ్దులలో ఆ రాగితో చిన్న గిన్నెలు, పానపాత్రలు చేసి, బంగారు మలాము పెట్టి, యాత్రికులకు అమ్మెడివారు. వానిలో కొన్నింటిపై, తాము తొలుత ఇనుమై యుండి నీటి మహిమచే రాగియైన సంగతిని ఆ పాత్రలే చెప్పుకొనుచున్నట్లు అక్షరములు చెక్కబడియున్నవి. పరుసవేదికై జీవితములు ధారపోసిన రసవాదులకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? ఇనుము రాగి కాగలిగినప్పుడు రాగి బంగారమేల కాకూడదు?

ఇచట మన మొక క్షణమాగి యోచింపవలెను. వారు చూచినది అబద్ధము కాదు. ఇనుము వేసినారు, రాగిని తీసినారు, తూచినారు, అమ్మినారు. కన్ను మోసపోలేదు. మోసపోయినది బుద్ధి. ఒక వస్తువు పోయిన చోట మరియొకటి కనబడినది గనుక మొదటిదే రెండవదిగా మారినదని బుద్ధి తొందరపడి తీర్పు చెప్పినది. అందరును ఇనుమునే చూచినారుగాని నీటిని గూర్చి విచారించినవారు లేరు.

ఆ విచారణకు పూనుకొనినవారిలో ఆంజెలో సాలా అను ఇటలీదేశపు వైద్యుడొకడు. 17వ శతాబ్ది మొదటి పాదములో ఆయన మైలుతుత్తము దేనితో ఏర్పడినదని ప్రశ్నించెను. రాగి, గంధకామ్లము, నీరు ఈ మూటిని చేర్చి తుత్తమును తానే తయారుచేసి చూపెను. గనిలో దొరకిన తుత్తమునకును, తాను చేసిన తుత్తమునకును భేదము లేదు. కావున రాగి మొదటినుండియు తుత్తములోనే యున్నది. మేకుపై కనబడిన రాగి ఇనుమునుండి పుట్టినది కాదు. నీటిలో దాగియున్న రాగి మేకుపైకి వచ్చి చేరినది, అంతియే.

దీనిని నిర్ధారణ చేసికొనుటకు పెద్ద ప్రయోగశాల యక్కరలేదు. ఇందాకటి గ్లాసులోనే శుభ్రము చేసిన మేకులను ఒకదాని తరువాత నొకటి వేసి విడిచిపెట్టుడు. ఒకటి రెండు దినములలో నీలివన్నె క్రమముగా పలుచబడి, లేతపచ్చనై, గాలి తగిలినకొలది కొంచెము గోధుమవన్నెకు తిరుగును. వెనుక వేసిన మేకులు సన్నబడిపోవును. నీలివన్నె పూర్తిగా పోయిన పిమ్మట క్రొత్త మేకును ముంచి చూడుడు. అది ఎఱ్ఱబడదు. ఇనుమును రాగిగా మార్చు మహిమయే నీటికి ఉండినచో ఆ మహిమ మేకులతో అయిపోవ నేల? అయిపోయినది మహిమ కాదు, నీటిలోని రాగి.

ఇంతకును గ్లాసులో జరిగిన వ్యవహారమెట్టిది? తుత్తము నీటిలో కరగినప్పుడు రాగి పరమాణువులు ఒక్కొక్కటి రెండేసి ఎలక్ట్రానులు తక్కువై, విద్యుదావేశము గల కణములుగా సంచరించుచుండును. వీనినే అయానులందురు. నీటి నీలివన్నె వీనివలన కలిగినదే. ఇనుప పరమాణువునకు తన ఎలక్ట్రానులు రెంటిని విడుచుకొను స్వభావము రాగికంటె హెచ్చు. మేకు పైపొరలోని ఇనుప పరమాణువు ఆ రెంటిని రాగి అయానుకు అప్పగించి తాను నీటిలోనికి జారును. వానిని అందుకొనిన రాగి లోహమై మేకుపై నిలుచును. తుత్తములోని సల్ఫేటు భాగము ఈ బేరములో కలుగజేసికొనక సాక్షివలె నిలిచియుండును. తుదకు నీటిలో మిగులునది అన్నభేది, అనగా ఇనుప సల్ఫేటు. దాని సహజవర్ణము లేతపచ్చన. నీటి రంగు మారుటకు కారణ మిదియే.

ఇందు జమాఖర్చు తప్పదు. 250 గ్రాముల మైలుతుత్తములో రమారమి 63½ గ్రాముల రాగి యుండును. ఆ రాగినంతటిని వెలికి తెచ్చుటకు లెక్కప్రకారము 56 గ్రాముల ఇనుము కరగవలెను. వాడుకలో నీటియందలి ఆమ్లమును, గాలియు మరికొంత ఇనుమును తినివేయును గాని, ఇనుము ఖర్చు కాకుండ రాగి జమ కాదు.

ఇక లోహములన్నింటికి ఈ ఇచ్చు గుణము సమానముగా నుండునా? ఉండదు. రాగితీగను అన్నభేది నీటిలో ముంచి ఎన్నిదినము లుంచినను ఇనుము దానిపై చేరదు. కాని అదే రాగితీగను వెండి లవణమైన సిల్వరు నైట్రేటు ద్రావణములో వ్రేలాడదీసినచో, కొలది గంటలలో తళతళలాడు వెండి సూదులు తీగచుట్టును మొలచును. తెల్లని నీరు నీలివన్నెకు తిరుగును. ఇనుమునకు రాగి లోబడినట్లే రాగికి వెండి లోబడినదన్నమాట.

ఈ తారతమ్యమును ఐజాక్ న్యూటను గమనించెను. కాంతిని గూర్చి ఆయన రచించిన ఆప్టిక్సు గ్రంథము చివర ప్రశ్నలరూపమున కొన్ని భావములు గలవు. 31వ ప్రశ్నలో, వెండి కరగియున్న ఆమ్లము రాగిని కరగించి వెండిని విడుచుననియు, రాగి కరగియున్నది ఇనుమును కరగించి రాగిని విడుచుననియు వరుసగా చెప్పి, ఆమ్లకణములకు ఆయా లోహములపై గల ఆకర్షణ హెచ్చుతగ్గులుగా నుండుటయే ఇందులకు కారణమా యని ఆయన యడిగెను. 1718లో పారిస్ నగరమున జియోఫ్రాయి అను రసాయనజ్ఞుడు ఇట్టి సంబంధములను పట్టికగా కూర్చి విద్వత్పరిషత్తు ముందుంచెను. ఎలక్ట్రాను జాడ తెలియుటకు దాదాపు రెండు వందల యేండ్లకు ముందే లోహముల వరుస తెలిసినది. నేడు మనము చెప్పుకొను వరుసలో యశదము, ఇనుము, తగరము, సీసము, రాగి, వెండి, బంగారము క్రమముగా నుండును. యశదమనగా జింకు. పైది క్రిందిదానిని దాని లవణద్రావణమునుండి వెళ్లగొట్టును. క్రిందిది పైదానిని వెళ్లగొట్టజాలదు.

అయితే పట్టికను కంఠస్థము చేసినంత మాత్రమున ప్రకృతి మనము చెప్పినట్లు వినదు. సోడియము ఈ వరుసలో చాల పైనున్నది. దానిని తుత్తపునీటిలో వేసినచో రాగి జోలికి పోకమున్నే నీటితోనే కలహించి మండిపడును. అల్యూమినియము యశదమునకు పైనున్నది గాని, తుత్తపునీటిలో ముంచిన చాలసేపు ఉలకదు పలుకదు. దాని ఒంటినంటి పలుచని ఆక్సైడు పొర యొకటి కవచమై కాపాడుచుండును. ఆ నీటిలో చిటికెడు ఉప్పు వేసిన కవచము చెడి, నీరు వేడెక్కి, రాగి పొడిపొడిగా రాలును. స్వభావము ఒకటి, దానికి దారి దొరకుట మరియొకటి.

దారి యను మాట వచ్చినది గనుక మరియొక సంగతి చెప్పుదుము. యశదపు ముక్కను తుత్తపునీటిలో వేసినచో ఎలక్ట్రానులు అక్కడికక్కడే చేతులు మారును; పుట్టిన శక్తి నీటిని కొంచెము వేడిచేసి వృథాయగును. ఇచ్చువానిని పుచ్చుకొనువానిని వేరువేరు గదులలో నుంచి, నడుమ తీగగుండ మాత్రమే ఎలక్ట్రానులు పోవునట్లు చేసినచో? 1836లో లండను నగరమున డేనియలు అను ఆచార్యుడు చేసినది ఇదియే. ఒకవైపు యశదము, ఒకవైపు తుత్తపునీటిలో రాగి, రెండు ద్రవములు కలిసిపోకుండ నడుమ నొక అడ్డు. తరువాతి కాలమున ఆ అడ్డునకు సన్నని రంధ్రములు గల మట్టిపాత్రను వాడినారు. తీగలో ఇంచుమించు 1.1 వోల్టుల విద్యుత్తు నిలుకడగా పారినది. తంతివార్తలు నడచిన తొలినాళ్లలో ఇట్టి ఘటములు విరివిగా పనిచేసినవి. మేకును ఎఱ్ఱజేసిన బేరమే దూరదేశములకు వార్త మోసినది.

బంగారపు పరిశ్రమలోను ఈ బేరమే సాగినది. రాతిపొడిలో కంటి కానరాని బంగారమును సయనైడు నీటిలో కరగించి, యశదముతో మరల లోహముగా రాబట్టు పద్ధతిని 1887లో గ్లాస్గో నగరమున మాక్ఆర్థరు, ఫారెస్టు సోదరులు కనుగొనిరి. అది దక్షిణాఫ్రికా గనుల గతినే మార్చినది. రాగిగనులలో పాత ఇనుముతో రాగిని రాబట్టుటయు 20వ శతాబ్దిలో చాలకాలము సాగినది. 1968లో అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున, గనినీటిలోని రాగిని ప్రత్యేక ద్రవములలోనికి తీసి విద్యుత్తుతో వేరుచేయు పద్ధతి పరిశ్రమగా మొదలైన పిమ్మట, ఇనుముతో పని క్రమముగా తగ్గినది. రసవాదులు కోరిన బంగారము వారు కోరినట్లు పుట్టలేదు. వారు అపార్థము చేసికొనిన చర్యవలన మాత్రము రాతినుండి వెలికి వచ్చినది.

ఇంటి వస్తువులను చూతము. నీళ్లు తోడు ఇనుప బొక్కెనకు యశదపు పూత యుండును. ఎక్కడనైన గీత పడి ఇనుము బయటపడినను, తడిలో ముందుగా తన్ను తాను ధారపోసికొనునది యశదమే. అది యున్నంతకాలము ఇనుము నిలుచును. తగరపు పూత గల డబ్బారేకు సంగతి తలక్రిందులు. తగరము వరుసలో ఇనుమునకు క్రిందిది. పూత చెక్కు చెదరనంతవరకు డబ్బా భద్రము. గీత పడినచో ఇనుమే ముందు బలియగును. చూపునకు రెండును తెల్లని పూతలే, కాపాడు తీరు వేరు.

1824లో సర్ హంఫ్రీ డేవీ ఈ సూత్రమును ఆంగ్లేయుల యుద్ధనౌకలకు పన్నెను. ఓడల అడుగునకు తొడిగిన రాగిరేకులు ఉప్పునీటిలో తినిపోవుచుండగా, వానికి యశదపు ముక్కలను, ఇనుపముక్కలను తగిలించి రాగిని కాపాడెను. రాగి చెక్కు చెదరలేదు. కాని ఓడల అడుగున నాచు, గవ్వపురుగులు గుంపులుగా పట్టి వాని వేగమును తగ్గించినవి! రాగి కొంచెము కొంచెముగా కరగుచుండుటయే అంతవరకు వానిని దూరముగ నుంచినదని అప్పుడు తెలిసినది. సూత్రము సత్యమే. కాని రాగి కరగుట నష్టమేగాక లాభము కూడ నని ముందు ఎవరును లెక్కించలేదు.

ఈ హెచ్చరిక మన రైతులకు అన్నివిధముల వర్తించును. బోర్డో మిశ్రమము పేరు వినని తోటరైతు అరుదు. 1882లో ఫ్రాన్సుదేశపు బోర్డో ప్రాంతమున, బాటసారులు ద్రాక్షలు కోయకుండ దారిప్రక్క తీగెలపై తుత్తము, సున్నము కలిపి చల్లియుండిరి. ఆ తీగెలకు బూజుతెగులు సోకకుండుట మిలార్డే అను వృక్షశాస్త్రజ్ఞుని కంట బడినది. 1885లో ఆయన దానిని మందుగా ప్రకటించెను. నేటికిని మన తమలపాకు తోటలలో, నిమ్మ, బత్తాయి, ద్రాక్ష తోటలలో ఇది వాడుకలోనున్నది. నూటికొకపాలు మిశ్రమమునకు ఒక కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటిలోను, ఒక కిలో మంచి సున్నమును మరి 50 లీటర్లలోను వేరువేరుగ కలిపి, తుత్తపునీటిని సున్నపునీటిలో పోయుచు కలియబెట్టవలెను.

ఇచట రెండు పొరపాట్లు జరుగుచుండును. మొదటిది పాత్ర. ఇనుప డ్రమ్ములోగాని, యశదపు పూత గల బొక్కెనలోగాని తుత్తమును కరగించినచో, మందులోని రాగి పాత్రకే అంటుకొనును. పాత్రయు చెడును, మందును చెడును. మట్టికుండ, కొయ్యతొట్టి, ప్లాస్టిక్ తొట్టి ఇందులకు తగినవి. రెండవది సున్నము. సున్నము పాతదై పస తగ్గినచో తూకము సరిగా నున్నను తుత్తమంతయు కట్టుబడదు. విడిగా మిగిలిన రాగి లేత ఆకులను మాడ్చివేయును. తెగులునుండి కాపాడబోయిన చేయియే తోటను కాల్చినట్లగును.

దీనికి పరీక్ష యేమి? శుభ్రముగా రుద్దిన చాకును మిశ్రమములో ఒక నిమిషము ముంచి తీయవలెను. అంచుపై ఎఱ్ఱని మరక కనబడినచో నీటిలో ఇంకను విడిరాగి యున్నదన్నమాట. మరికొంత సున్నపునీరు చేర్చి మరల పరీక్షింపవలెను. చాకు తెల్లగా వచ్చిన పిదపనే మందు చల్లవలెను. వ్యవసాయాధికారులు ఈ మాటను చెప్పుచునే యుందురు; కారణము తెలిసినవాడు దానిని ఎన్నడును మరువడు. రసవాదికి మహిమగా కనబడిన ఎఱ్ఱదనమే రైతునకు ప్రమాదసూచన.

ఇంటిలో పిల్లలకు చూపదలచినవారికి తుత్తముతో పనిలేదు. అది విషము, పిల్లల చేతికందరాదు. కిలుముపట్టిన రాగిచెంబును చింతపండు, ఉప్పు కలిపిన రసములో నానబెట్టినచో కిలుము కరగి ఆ రసములోనికి దిగును. చెంబును తీసి, మిగిలిన రసములో రుద్దిన మేకును కొన్నిగంట లుంచి చూడుడు. పలుచని రాగిచాయ దానిపై తోచును. ఆ రసమును వంటకు వాడక పారబోయవలెను. పిమ్మట పిల్లలను ఒక్క ప్రశ్న యడుగుడు: ఈ రాగి ఎక్కడిది? మేకు మారినదని కొందరు, చెంబునుండి వచ్చినదని కొందరు చెప్పుదురు. ఎవరిది నిజమో మీరు చెప్పకుడు. ఆ రసములో మరియొక మేకును, మంచి చింతపండు రసములో ఇంకొక మేకును వేసి వారినే చూడనిండు.